థ్రాటిల్ స్టిక్: మోడల్ హెలికాప్టర్ పగ్గం పుట్టుపూర్వోత్తరాలు

రేడియో కంట్రోల్ మోడల్ హెలికాప్టర్ ట్రాన్స్‌మిటర్ మీద రెండు స్టిక్కులుంటాయి. ఏ స్టిక్‌నైనా కదిపి వదిలితే స్ప్రింగు దాన్ని మధ్యకు లాగేస్తుంది. ఒక్క థ్రాటిల్ మాత్రం పెట్టినచోటే నిలిచిపోతుంది. మోడ్ 2 పద్ధతిలో ఎడమ స్టిక్, మోడ్ 1లో కుడి స్టిక్ పైకీ కిందికీ కదిలే కదలికే ఈ థ్రాటిల్. పేరును బట్టి చూస్తే అది ఇంజన్‌కిచ్చే శక్తిని పెంచి తగ్గించే సాధనం. నిజానికి దాని చరిత్రంతా ఒకే సమస్య చుట్టూ నడిచింది: హెలికాప్టర్‌ను పైకి లేపడం, ఇంజన్‌ను అదుపులో ఉంచడం అనే రెండు పనులను ఒకే వేలి కిందికి తేవడం ఎలా?

ఈ సమస్య మనుషులెక్కే హెలికాప్టర్ల నుంచే వచ్చింది. పిస్టన్ ఇంజన్ హెలికాప్టర్‌లో పైలట్ ఎడమ చేతి దగ్గర కలెక్టివ్ అనే లీవర్ ఉంటుంది. దాన్ని పైకి లాగితే రోటర్ బ్లేడ్లన్నీ ఒకేసారి ఎక్కువ కోణానికి తిరుగుతాయి, లిఫ్ట్ పెరుగుతుంది. దాంతోపాటే గాలి నిరోధం కూడా పెరిగి రోటర్ నెమ్మదిస్తుంది. అందుకే ఆ లీవర్ చివరే మోటార్‌సైకిల్ యాక్సిలరేటర్‌లా తిప్పే థ్రాటిల్ గ్రిప్ అమర్చారు. లీవర్ లాగుతూనే గ్రిప్ తిప్పి రోటర్ వేగాన్ని నిలపడం పైలట్ నేర్వాల్సిన మొదటి విద్యల్లో ఒకటి. ఈ భారం తగ్గించడానికి కొన్ని హెలికాప్టర్లలో కొరిలేటర్ అనే లింకేజి పెట్టారు. లీవర్ పైకి లేచినకొద్దీ అది థ్రాటిల్‌ను దానంతటదే కొంత తెరుస్తుంది. మోడల్ హెలికాప్టర్ ట్రాన్స్‌మిటర్‌లో కనిపించే థ్రాటిల్ కర్వ్‌కు మూలరూపం ఇదే.

అదుపులో ఎగిరే రేడియో హెలికాప్టర్‌ను 1960ల చివర్లో సాధించినవాడు జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్. ఆయన బెల్ హ్యూయీ కోబ్రా మోడల్ 1970లో 11.5 కిలోమీటర్ల దూరం ఎగిరి రికార్డు నెలకొల్పింది. ఆ తొలి తరం మోడళ్లలో బ్లేడ్ల కోణం మారదు. ఎత్తు పెరగాలన్నా తగ్గాలన్నా ఇంజన్ వేగం మారాల్సిందే, కాబట్టి అప్పట్లో స్టిక్ అన్నివిధాలా థ్రాటిలే. ట్రాన్స్‌మిటర్‌లో సర్దుబాటు చేయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. కష్టమంతా ఎగరేసేవాడిదే. స్టిక్ నెట్టాక ఇంజన్ పుంజుకోవాలి, బరువైన రోటర్ వేగం అందుకోవాలి, ఆ తర్వాతే మోడల్ పైకి లేస్తుంది. దించేటప్పుడూ ఇదే ఆలస్యం. నేల దగ్గరపడుతోందని గ్రహించి స్టిక్ పెంచేసరికే మోడల్ గట్టిగా తాకేది. అందుకే కాస్త ముందుగానే ఊహించి స్టిక్ కదపడం అలవాటు చేసుకోవాల్సి వచ్చేది.

1970ల్లో కలెక్టివ్ పిచ్ మోడళ్లు, అంటే బ్లేడ్ల కోణం (పిచ్) మారేవి, వచ్చాయి. నూరెంబర్గ్‌కు చెందిన ఫ్రాంజ్ కవాన్ తెచ్చిన జెట్ రేంజర్ వాటిలో పేరున్నది. బ్లేడ్ల కోణం మారగానే మోడల్ లేస్తుంది కాబట్టి ఆలస్యం పోయింది. దాని స్థానంలో పాత హెలికాప్టర్ పైలట్ సమస్యే వచ్చి కూర్చుంది: పిచ్ ఎంత పెరిగితే థ్రాటిల్ ఎంత తెరవాలి? తొలి పరిష్కారం మెకానికల్. ఒకే సర్వో (రేడియో సంకేతంతో రాడ్లను కదిపే చిన్న మోటార్) నుంచి ఒక రాడ్ పిచ్‌కూ, మరో రాడ్ కార్బురేటర్‌కూ వెళ్లేవి. సర్వో చేయి అయిన హారన్‌లో ఏ రంధ్రానికి ఏ రాడ్ తగిలించాలన్నదే సెట్టింగ్. హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట నిలిచినప్పుడు, రోటర్ మరీ వేగంగా తిరుగుతుంటే మోడల్‌ను దించి, ఇంజన్ ఆపి, లింకు విప్పి, ఒక రంధ్రం లోపలికి జరిపి, మళ్లీ ఎగరేసి చూడాలి.

పిచ్‌కూ థ్రాటిల్‌కూ వేర్వేరు సర్వోలు ఇచ్చి, రెండింటినీ ట్రాన్స్‌మిటర్‌లోనే కలిపే హెలికాప్టర్ రేడియోలు వచ్చాక ఈ పని తేలికైంది. 1980ల్లో మైక్రోప్రాసెసర్ ఉన్న ట్రాన్స్‌మిటర్లు రావడంతో రాడ్ల పని అంకెల్లోకి మారింది. స్టిక్ ప్రయాణాన్ని 0, 25, 50, 75, 100 శాతాలుగా విభజించి, ఒక్కో చోట థ్రాటిల్ ఎంత ఉండాలో విడిగా నమోదు చేయడమే థ్రాటిల్ కర్వ్. పిచ్‌కు మరో కర్వ్ ఉంటుంది. మామూలు కర్వ్‌లో కింది బిందువు 0, అంటే ఇంజన్ ఐడిల్‌లో ఉంటుంది. మధ్య బిందువు హోవర్‌కు సరిపడేలా, పై బిందువు 100గా ఉంచుతారు. హోవర్‌లో రోటర్ వేగం ఎక్కువనిపిస్తే మధ్య బిందువును రెండు మూడు అంకెలు తగ్గిస్తే చాలు.

విన్యాసాలు మొదలయ్యాక ఈ ఒక్క కర్వ్ చాలలేదు. లూప్ చేస్తూ పైన స్టిక్ తగ్గిస్తే ఇంజన్ ఐడిల్‌కు పడిపోయి రోటర్ చతికిలబడుతుంది. దీనికి విరుగుడుగా వచ్చిందే ఐడిల్ అప్ స్విచ్. స్టిక్ ఎంత కిందికి దిగినా ఇంజన్ పడిపోకుండా ఆ ఐడిల్‌ను పైకెత్తి ఉంచేది కాబట్టి దానికా పేరు వచ్చింది. 1990ల్లో అమెరికాకు చెందిన కర్టిస్ యంగ్‌బ్లడ్ వంటి పైలట్లతో 3డీ ఎగరేత ఊపందుకుంది. తలకిందులుగా ఎగరాలంటే స్టిక్ కిందికి వచ్చినప్పుడు బ్లేడ్లు వ్యతిరేక కోణంలో గట్టిగా పనిచేయాలి, అక్కడా ఇంజన్‌కు పూర్తి శక్తి కావాలి. స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు బ్లేడ్లు దాదాపు చదునుగా ఉంటాయి. అక్కడ భారం తక్కువ కాబట్టి థ్రాటిల్ తగ్గాలి, లేకుంటే రోటర్ హద్దు మీరి తిరుగుతుంది. ఇలా థ్రాటిల్ కర్వ్ ఇంగ్లీషు అక్షరం వీ ఆకారానికి మారింది.

మరో ముఖ్యమైన స్విచ్ థ్రాటిల్ హోల్డ్. దాన్ని వేస్తే స్టిక్‌కూ ఇంజన్‌కూ సంబంధం తెగిపోతుంది. పిచ్ మాత్రం స్టిక్ చేతిలోనే ఉంటుంది. ఇంజన్ ఆగినా, దిగుతున్న మోడల్ కింది నుంచి వచ్చే గాలితో రోటర్‌ను తిప్పుకుంటూ, చివర్లో పిచ్ పెంచి మెల్లగా దిగే ఆటోరొటేషన్ సాధనకు ఈ స్విచ్ పుట్టింది. తర్వాత అదే అతి ముఖ్యమైన భద్రతా సాధనమైంది. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసేటప్పుడు ఐడిల్ అప్ వేసి ఉంటే, స్టిక్ కిందే ఉన్నా ఇంజన్ వేగం అందుకునే ప్రమాదం ఉంది కాబట్టి, చాలా రేడియోలు హెచ్చరిక శబ్దం చేస్తాయి.

కర్వ్‌లు ఎంత బాగున్నా లింకేజి వంకరైతే ఫలితం ఉండదు. ఇంజన్ మోడల్‌లో లింకేజిని సర్దే పని ఇలా సాగుతుంది. ముందు కర్వ్‌ను సరళరేఖగా ఉంచుతారు. స్టిక్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు సర్వో హారన్ రాడ్‌కు లంబకోణంలో నిలవాలి, కార్బురేటర్ సగం తెరుచుకోవాలి. స్టిక్ పూర్తిగా పైకెత్తితే కార్బురేటర్ మొత్తం తెరుచుకోవాలి కానీ అక్కడ సర్వో మూలగకూడదు. మూలిగిందంటే రాడ్ ఇంకా నెట్టుతోందని అర్థం, అప్పుడు సర్వో ప్రయాణ హద్దు అయిన ఎండ్ పాయింట్ తగ్గించాలి. స్టిక్ పూర్తిగా దించినప్పుడు కార్బురేటర్‌లో సన్నటి సందు మిగిలితే ఇంజన్ ఐడిల్‌లో నిలకడగా తిరుగుతుంది. స్టిక్ పక్కనుండే ట్రిమ్ కూడా పూర్తిగా దించితే ఆ సందు మూసుకుని ఇంజన్ ఆగాలి. ఎలక్ట్రిక్ మోడల్‌లో కార్బురేటర్ స్థానంలో స్పీడ్ కంట్రోలర్ ఉంటుంది. ముందు మోటార్ పినియన్‌ను గేర్ నుంచి విడదీస్తారు. చాలా కంట్రోలర్లలో స్టిక్ పైన ఉంచి బ్యాటరీ తగిలించి, శబ్దం వినిపించాక కిందికి దించితే, స్టిక్ రెండు కొసలూ ఎక్కడున్నాయో అది గుర్తుంచుకుంటుంది.

చివరి మలుపు గవర్నర్‌ది. ఇంజన్ మోడళ్లకు ఫుటాబా జీవీ-1 వంటి పరికరాలు వచ్చాయి. కూలింగ్ ఫ్యాన్‌కు అతికించిన చిన్న అయస్కాంతం తిరుగుతుంటే పక్కనున్న సెన్సర్ లెక్కపెడుతుంది. వేగం తగ్గితే గవర్నరే థ్రాటిల్ తెరుస్తుంది, పెరిగితే మూస్తుంది. బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాక ఆ పని స్పీడ్ కంట్రోలర్‌లోనే ఇమిడిపోయింది. అక్కడ కర్వ్‌లో ఐదు చోట్లా 70 అని ఒకే అంకె ఉండవచ్చు. అది ఇక థ్రాటిల్ తెరుపు కాదు, గవర్నర్ నిలపాల్సిన వేగానికి గుర్తు. గవర్నర్ ఉన్న మోడల్‌లో స్టిక్ కదిలించేది బ్లేడ్ల కోణాన్నే. ఇంజన్ వేగం ఐడిల్ అప్ స్విచ్ చేతికి వెళ్లిపోయింది. అయినా ఆ స్టిక్‌ను ఇప్పటికీ థ్రాటిల్ అనే పిలుస్తారు.