అరుగులపై దుముకు ఆట – ఎనిమిది బిట్ల గణితము

ఆటవస్తువుల చరిత్రయు విజ్ఞానచరిత్రలో ఒక భాగమే. బొంగరము భ్రమణమును గూర్చియు, గాలిపటము వాయుపీడనమును గూర్చియు బోధించినట్లే, 1990 దశకములో నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణముల పిల్లలు టెలివిజన్ ముందు కూర్చుండి ఆడిన ‘మారియో’ ఆట కంప్యూటరు శాస్త్రమును బోధింపగలదు. తెరపై ఒక చిన్న మనిషి అరుగునుండి అరుగునకు దుముకుచు, గోతులను దాటుచు పోవును. ఆ అరుగులనుబట్టియే ఇట్టి వానికి ప్లాట్‌ఫారం ఆటలని పేరు వచ్చినది.

ఈ ఆటకు మొదట కావలసినది టెలివిజన్. నాటి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలకు అది ఆకాశమార్గమున వచ్చినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు విద్యాకార్యక్రమములు ప్రసారమైనవి. వానిలో ఈ జిల్లా గ్రామములును ఉండెను. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము, 1982లో రంగుల ప్రసారము వచ్చినవి. పిదప కొన్నియేండ్లకు ఆ తెరకే ఒక చిన్న పెట్టెను తగిలించి, గంటల లెక్కన అద్దె తీసికొని పిల్లలచే ఆడించు దుకాణములు వెలసినవి.

1981లో జపానులోని నింటెండో సంస్థ కొరకు షిగెరు మియమోతో ‘డాంకీ కాంగ్’ ఆటను రూపొందించెను. అందు దొర్లివచ్చు పీపాలమీదుగా దుముకు వడ్రంగికి తొలుత ‘జంప్‌మన్’ అని పేరు. అతడే తరువాత మారియో ఆయెను. మరుసటి ఏట అమెరికాలో డేవిడ్ క్రేన్ అటారి 2600 యంత్రము కొరకు ‘పిట్‌ఫాల్’ను రచించెను. ఆ యంత్రపు పని మెమొరీ 128 బైట్లు మాత్రమే. ఆట ఉన్న పెట్టె 4 కిలోబైట్లు. ఇంత ఇరుకులో 255 అడవి దృశ్యములను ఎట్లు దాచెను? అతడు దాచలేదు. 8 బిట్ల సంఖ్య నొకదానిని ఒక నియమము ప్రకారము ప్రక్కకు జరుపుచుండగా, వచ్చిన ప్రతి సంఖ్యయు ఒక దృశ్యమును నిర్ణయించును. 8 బిట్లతో 256 సంఖ్యలు ఏర్పడును. సున్నను జరిపినచో తిరిగి సున్నయే వచ్చును గనుక అది పనికిరాదు. మిగిలినవి 255.

1983 జూలైలో నింటెండో ‘ఫామికామ్’ అను గృహయంత్రమును విడుదల చేసినది. దాని 8 బిట్ల ప్రాసెసరు వేగము సుమారు 1.79 మెగాహెర్ట్‌జ్, పని మెమొరీ 2 కిలోబైట్లు. దానికొరకు 1985 సెప్టెంబరులో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆట మొత్తము 40 కిలోబైట్లలో ఇమిడినది. నేడు సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫొటో అంతకు ఎన్నో రెట్లుండును. చోటు మిగుల్చుటకై ఒక బొమ్మనే రెండు పనులకు వాడిరి. ఆ ఆటలోని మేఘమును, నేలపై పొదను పోల్చి చూడుడు. ఆకారమొక్కటే, రంగు మాత్రము వేరు.

భౌతికశాస్త్ర విద్యార్థికి ఇందొక వింత కలదు. నేల విడిచిన మనిషి ఎంత ఎత్తునకు పోవునో అతని తొలి వేగమే నిర్ణయించును. గాలిలో నుండగా దానిని మార్చుట అతని తరము కాదు. మారియో విషయము వేరు. పైకి పోవునపుడు మీటను నొక్కి ఉంచినచో గురుత్వత్వరణము తక్కువగను, విడిచినచో ఎక్కువగను ఉండునట్లు ఆటలో ఏర్పాటు చేసిరి. ఇది ప్రకృతినియమము కాకపోయినను ఆటగాని వ్రేలికి సహజముగ తోచును.

మన ఊళ్లకు వచ్చినవి చాలవరకు ఫామికామ్‌ను అనుకరించి చేసిన చౌక యంత్రములు. జపాను టెలివిజన్ తెరపై బొమ్మ సెకనుకు 60 మారులు గీయబడగా, మన దేశపు పద్ధతిలో 50 మారులే గీయబడును. ఆట ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క అడుగు చొప్పున నడచును. కావున జపానులో 5 నిమిషములు పట్టు ఆట, 50 బొమ్మలు గీయు యంత్రముపై 6 నిమిషములు పట్టును. ‘క్యాసెట్’ అని పిలిచిన ఆటపెట్టెపై 9999999 ఆటలని వ్రాసియున్నను, లోపల ఉన్నవి కొలదియే. అవియే వేరువేరు అంకెలతో మరల మరల కనబడెడివి. ఆట నిలిచిపోయినపుడు క్యాసెట్‌ను ఊదుట పిల్లలందరెరిగిన వైద్యము. నిజమునకు మేలు చేసినది ఊదుట కాదు, తీసి మరల గట్టిగా అమర్చుట. నోటి తేమ లోహపు కొనలకు హానియే చేయును.

ఈ చరిత్రలో గమనింపవలసిన లోటొకటి కలదు. అటారి సంస్థ ఆటల రచయితల పేర్లను ప్రకటింపకుండుట క్రేన్ మొదలగువారు 1979లో ఆక్టివిజన్ సంస్థను స్థాపించుటకు ఒక ముఖ్యకారణము. అనుమతి లేని నకళ్ల మూలమున మన పిల్లలు మియమోతో పేరు వినకయే ఆయన ఆట ఆడిరి. వారిచ్చిన అద్దెలో ఆట చేసినవారికి పైసాయు చేరలేదు. అయినను, ఆ నకళ్లే లేకున్నచో అనేకులకు ఆ వయసున కంప్యూటరు స్పర్శయే లేకపోయెడిది. ఈ రెండును నిజములే. రెంటిని కలిపి ఆలోచించుట విద్యార్థులు నేర్వవలెను.

ఆ దుకాణములు మూతపడినవి. అటకలపై మిగిలిన యంత్రములు పాత సామానులవారి బండ్లకెక్కుచున్నవి. ఒక తరము మొదటిసారి తాకిన కంప్యూటరు ఇట్లు గుర్తులేకుండ పోవుట తగదు. ప్రతి ఉన్నత పాఠశాలయు అట్టి యంత్రము నొకదానిని ప్రయోగశాలలో భద్రపరచుట మంచిది. నాడు దుకాణము నడపిన వారిని కలిసికొని, యంత్రము ఎచ్చట కొనిరి, ఎవరు మరమ్మతు చేసిరి, ఏ ఆట ఎక్కువగ ఆడిరి అను విషయములను విద్యార్థులు వ్రాసికొనవచ్చును. అది మన జిల్లాల విజ్ఞానచరిత్రలో ఇంకను వ్రాయబడని అధ్యాయము.