తోలు, నడపు: రెండు క్రియల అర్థవిచారము

దేనినైనను ముందునకు సాగించుట అను అర్థమున తెలుగులో తోలు, నడపు అను రెండు క్రియలు ప్రధానముగ కలవు. బండి తోలెననుటయు, బండి నడపెననుటయు సమానముగ వినబడుటచే వీనిని పర్యాయములుగ గ్రహించువారున్నారు. మొదటిది గ్రామ్యము, రెండవది శిష్టము అని తలచి విద్యార్థుల వ్రాతలో తోలు అను మాటను దిద్దువారును కలరు. ఈ రెండభిప్రాయములును విచారింపదగినవి.

నడపు శబ్దము యొక్క పుట్టుక స్పష్టము. అది నడచు ధాతువునకు ప్రేరణరూపము. నిలుచు, నిలుపు అను జంటయు ఇట్టిదే. నేటి నడుపు దీని రూపాంతరము. తమిళమున నడ, నడత్తు అనియు, కన్నడమున నడె, నడసు అనియు జంటలుండుటచే ఈ ధాతువు ద్రావిడభాషలకు సామాన్యమని తేలుచున్నది. తోలు అట్టిది కాదు. దానికి జంటగా నిలుచు అకర్మకక్రియ వాడుకలో లేదు. అది స్వతస్సిద్ధముగ సకర్మకము.

తమిళులు వాహనము విషయమున ఓట్టు అందురు. పరుగెత్తుట అను అర్థము గల ఓడు ధాతువునకు అది ప్రేరణము. ఆ ధాతువు తెలుగునను కలదు. కాని పాఱిపోవుటనుండి పరాజయము నొందుట అను అర్థమునకు మాఱి అందే స్థిరపడినది. ఓడించు జయించుటకే చెల్లినది. కనుక ఆ పని తోలు, నడపు క్రియలకు మిగిలినదని ఊహింపవచ్చును.

ఇక భేదము. ఒకదాని తావున వేఱొకదానిని నిలిపి చూచిన అది తెలియును. ఈగలను తోలుదుము, నడపము. పశువులను మేతకు తోలుదుము; పొలమునకు ఎరువు తోలుదుము. రాయలసీమ, తెలంగాణ వ్యవహారమున మనిషిని పంపుటయు తోలుటయే. బడిని, పత్రికను, సంసారమును మాత్రము నడపుదుము, తోలము. తోలుటలో ఒకచోటు విడిచి మఱియొకచోటికి పోవుట ముఖ్యము; నడపుటలో ఆగక సాగుట ముఖ్యము. వాహనమునందు రెండును కలియుటచే పర్యాయభ్రాంతి కలిగినది.

గ్రామ్యమను ఆక్షేపము నిలువదు. భారత యుద్ధపర్వములలో తిక్కన రథములకు ఈ క్రియనే వాడెను. రథమునకు తగిన మాట కారునకు తగదనుటకు కారణము మాటలో లేదు; బండి తోలువానియెడ మనకు గల చిన్నచూపులో ఉన్నది. కావున ఈ మాటను కొట్టివేయుటకు ముందు ఉపాధ్యాయుడు చూడవలసినది దాని అర్థమును గాని, పలికినవాని ఊరును గాదు.