మస్జిదు అరుగుపై రూపుదిద్దుకున్న సమాజం

 

హిజ్రత్ ప్రస్తావన రాగానే మన మనసు ప్రయాణం మీదికే పోతుంది. సౌర్ గుహ, సురాఖా గుర్రం, ఖుబాలో ప్రజల ఎదురుచూపులు. మన ప్రసంగాలు చాలావరకు అక్కడే ముగిసిపోతుంటాయి. ప్రయాణం ముగిసిన తరువాత ఏం జరిగిందన్నది మాత్రం అంతగా చెప్పుకోము. నిజానికి కష్టమైన పని అప్పుడే మొదలయింది.

క్రీ.శ. 622లో మదీనా చేరిన ముహాజిర్లు ఇల్లూ వాకిలీ, ఆస్తిపాస్తులు మక్కాలోనే వదిలి వచ్చినవారు. వారికి తెలిసినది వ్యాపారం. మదీనా వాసులదేమో ఖర్జూర తోటల సేద్యం. ఇక ఆశ్రయమిచ్చిన అన్సార్లు మాత్రం ఏకమై ఉన్నారా? ఔస్, ఖజ్రజ్ తెగల మధ్య తరతరాల పగ ఉండేది. వారి నాయకులెందరినో బలిగొన్న బుఆస్ యుద్ధం జరిగి అప్పటికి అయిదేళ్ళే అయింది. అంటే ఒకవైపు నిలువ నీడ లేనివారు, మరోవైపు గాయాలు ఇంకా మానని వారు. ఇటువంటి జనాన్ని ఒక జమాఅత్‌గా మలచడానికి విశ్వాసం పునాది అయింది, సందేహం లేదు. అయితే ఆ పునాది మీద ఒక్కొక్క ఇటుకనూ పేర్చవలసి వచ్చింది.

ఇటుక అన్నది ఇక్కడ కేవలం ఉపమానం కాదు. మస్జిదు కోసం ఎంచుకున్న స్థలం సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. అక్కడ ఖర్జూరాలు ఆరబెట్టేవారు. వారు ఉచితంగానే ఇస్తామన్నారు. దైవప్రవక్త (స) అంగీకరించలేదు, వెల చెల్లించి తీసుకున్నారు. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మ్రానుల స్తంభాలు, మట్టల కప్పు. ఆయన స్వయంగా ఇటుకలు మోశారు. సమాజపు తొలి కట్టడం అనాథల హక్కును గౌరవించడంతో ఆరంభమయిందన్న సంగతిని మనం మనసులో ఉంచుకుందాం. దాని అవసరం ఈ వ్యాసం చివర మళ్ళీ వస్తుంది.

తరువాతి మెట్టు ముఆఖాత్, అంటే సోదర బంధం. హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) ఇంట్లో దైవప్రవక్త (స) ముహాజిర్లలో ఒకరిని, అన్సార్లలో ఒకరిని జత చేశారు. ఒక కథనం ప్రకారం అక్కడ సమావేశమయిన వారు 90 మంది, అటు సగం, ఇటు సగం. "అందరూ సోదరులే" అని ప్రకటించి ఊరుకుంటే సరిపోయేది కాదు. అందరి బాధ్యత అన్నది చివరికి ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. ఫలానా వ్యక్తికి ఫలానా వ్యక్తి సోదరుడని పేరుపేరునా నిర్ణయించినందువల్ల, ఆకలితో ఉన్నవాడు ఏ తలుపు తట్టాలో ఇద్దరికీ తెలిసింది.

సఅద్ బిన్ రబీ (రజి) ఖజ్రజ్ నాయకులలో ఒకరు, సంపన్నులు. ఆయనకు సోదరునిగా నియమితులైన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో తన ఆస్తిలో సగం తీసుకొమ్మన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన సంపదలో శుభం కలగాలని దీవించి, బజారు ఎటు ఉందో చూపించమన్నారు. వెళ్ళి ఖైనుఖా బజారులో నెయ్యి, ఎండబెట్టిన పెరుగు గడ్డలు అమ్మారు. కొన్నాళ్ళకే ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్‌గా ఇచ్చి పెళ్ళి చేసుకోగలిగారు. ఈ ఘటనలో సఅద్ (రజి) త్యాగాన్ని పొగడటం మనకు అలవాటు. పొగడవలసిందే. కానీ పుచ్చుకోగలిగీ పుచ్చుకోని ఆ చేతిని కూడా చూడాలి. ఇచ్చేవానికి గర్వం రాకుండా, తీసుకునేవానికి దైన్యం అంటకుండా ఉన్నప్పుడే అది సోదరభావం.

అన్సార్లు తమ ఖర్జూర తోటలను కూడా పంచమని దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన కాదన్నారు. అప్పుడు వారే మరో మార్గం చెప్పారు: ముహాజిర్లు తోటపనిలో చెయ్యి వేస్తారు, ఫలసాయం ఇరువురూ పంచుకుంటారు. దీనికి ఉభయులూ సమ్మతించారు. కొందరు అన్సార్లు కొన్ని చెట్లను ఫలాలు అనుభవించడానికి ఇచ్చారు కూడా. హిజ్రీ 7లో ఖైబర్ విజయం తరువాత ముహాజిర్లు ఆ చెట్లను తిరిగి అప్పగించేశారు. ఏళ్ళు గడిచినా అవి తమవని వారు అనుకోలేదు.

ఈ బంధాలు కడుపు నింపడానికి మాత్రమే ఏర్పడ్డాయనుకుంటే పొరపాటు. సల్మాన్ ఫారసీ (రజి), అబూ దర్దా (రజి)ల ఉదంతం చూడండి. సల్మాన్ (రజి) ఒకనాడు సోదరుని ఇంటికి వెళ్ళేసరికి ఆయన సతీమణి మాసిన దుస్తులలో కనిపించారు. కారణమడిగితే, మీ సోదరునికి ప్రాపంచిక విషయాలే అక్కర లేదని ఆమె చెప్పారు. అబూ దర్దా (రజి) అన్నం పెట్టించి, తాను మాత్రం ఉపవాసమన్నారు. నీవు తినకపోతే నేనూ తినను అన్నారు సల్మాన్ (రజి). తినక తప్పలేదు. రాత్రి నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. మళ్ళీ లేవబోయినా పడుకోమన్నారు. రాత్రి చివరి జాములో ఇద్దరూ కలసి నిలబడ్డారు. ప్రభువుకూ, దేహానికీ, ఇంటివారికీ నీపై హక్కులున్నాయి, ఎవరి హక్కు వారికి చెల్లించు అన్నది ఆయన హితవు సారాంశం. విషయం విన్న దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పినది నిజమేనన్నారు. ఒంటరిగా ఉన్న అబూ దర్దా (రజి)కు తన లోపం ఆరాధనలాగే కనిపించింది. దాన్ని లోపమని చెప్పడానికి ఇంట్లోకి వచ్చి చూడగలిగిన సోదరుడు కావలసి వచ్చింది. అందునా ఆ ఇల్లాలి మౌన వేదనను గమనించగలిగిన సోదరుడు!

హిజ్రీ 2లో ఖిబ్లా బైతుల్ మఖ్దిస్ నుంచి కాబా వైపు మారింది. దానితో మస్జిదులో ఉత్తర భాగం వెనుక వైపు అయింది. అక్కడ కప్పు కింద ఉన్న అరుగే సుఫ్ఫా. మన పల్లెల్లో బాటసారి ఎవరినీ అడగకుండా ఇంటి ముందు అరుగు మీద నడుము వాల్చేవాడు. సుఫ్ఫా కూడా అటువంటిదే. ఊళ్ళో ఎవరూ లేనివారికి అది ఇల్లు. సుఫ్ఫా అనగానే విద్యాలయం అంటాము గాని, అది ముందు ఆశ్రయం, ఆ తరువాతే పాఠశాల.

అక్కడ ఉన్నవారిలో 70 మందిని చూశానని, వారిలో ఒక్కరికీ పైవస్త్రం ఉండేది కాదని, ఉన్న ఒక్క గుడ్డనే మెడకు ముడివేసుకునేవారని హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు. ఆయనా వారిలో ఒకరే. వారి భోజనానికి దైవప్రవక్త (స) నగరాన్నే బాధ్యురాలిని చేశారు: ఇద్దరికి సరిపడా ఉన్నవారు మూడో మనిషిని తీసుకుపోవాలి. ఒక రాత్రి అబూ బక్ర్ (రజి) ముగ్గురిని వెంటబెట్టుకు వెళితే, దైవప్రవక్త (స) పది మందిని తీసుకువెళ్ళారు. తిరగలి విసిరి చేతులు కాయలు కాచిన తన ముద్దుల కుమార్తె ఫాతిమా (రజి) ఒక సేవకుని కోరినప్పుడు, సుఫ్ఫావాసులు ఆకలితో ఉండగా ఇవ్వలేనన్నారు.

ఉబాదా బిన్ సామిత్ (రజి) వారిలో కొందరికి ఖుర్ఆన్, రాత నేర్పేవారు. ఒక శిష్యుడు ఆయనకు విల్లు బహూకరిస్తే, దాని విషయంలో దైవప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. బోధనకు వేతనం పుచ్చుకోవచ్చా అన్న ఫిఖహ్ చర్చ వేరు, దాన్ని ఇక్కడ ఎత్తుకోము. ఏమీ లేని విద్యార్థి నుంచి వచ్చిన కానుకపై ఆయన ఎంత జాగ్రత్త వహించారో గమనిస్తే చాలు. "ఖుర్రా" అనే పండితుల బృందం మరొకటి ఉండేది. వారు పగలు కట్టెలు కొట్టి అమ్మి, ఆ డబ్బుతో సుఫ్ఫావాసులకు ఆహారం కొనేవారు. రాత్రి ఖుర్ఆన్ అధ్యయనం, నమాజు. హిజ్రీ 4లో బిఅరె మఊనా వద్ద వారిలో 70 మందిని దగా చేసి చంపారు. దైవప్రవక్త (స) నెల రోజుల పాటు నమాజులో ఆ హంతకులను శపిస్తూ ప్రార్థించారు.

ఇంత చెప్పుకున్నాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఇంతటి హృదయాల కూర్పు జరిగాక ఇక చట్టంతో పనేమిటి? చరిత్ర ఇచ్చే జవాబు కాస్త చేదుగానే ఉంది. తొలినాళ్ళలో ముఆఖాత్ సోదరులు ఒకరి ఆస్తికి ఒకరు వారసులయ్యేవారు. బద్ర్ తరువాత ఆ నియమం తొలగింది. రక్తసంబంధీకులే పరస్పరం ఎక్కువ హక్కుదారులని అన్ఫాల్ సూరా 75వ ఆయత్ నిర్ణయించింది. సోదరభావం నిలిచింది, వారసత్వం కుటుంబానికి మరలింది. అయితే కుటుంబంలోనూ అప్పటి అరబ్బుల ఆచారం స్త్రీలకు, పసివారికి ఏమీ దక్కనిచ్చేది కాదు.

హిజ్రీ 3లో ఉహద్ రణరంగంలో సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఒకనాడు తన సంపదలో సగం పరాయివానికి ఇవ్వజూపిన మనిషి ఆయన. ఆయన కన్నుమూయగానే ఆస్తినంతా ఆయన సోదరుడు స్వాధీనం చేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. వారి తల్లి ఆ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. వీరు సఅద్ కుమార్తెలు, మీ వెంట ఉహద్‌లో పోరాడి వీరి తండ్రి మరణించాడు, ఆస్తి లేనిదే వీరి పెళ్ళిళ్ళు కావు అని మొరపెట్టుకున్నారు. ఈ విషయంలో అల్లాహ్ తీర్పు చేస్తాడని ఆయన చెప్పారు. ఆ తరువాత వారసత్వపు ఆయత్ అవతరించిందని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. అది నిసా సూరాలోనిది. దైవప్రవక్త (స) పిల్లల బాబాయిని పిలిపించారు. కుమార్తెలకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చివేసి, మిగిలినది తీసుకొమ్మన్నారు. ఆస్తిని 24 భాగాలు చేస్తే కుమార్తెలకు 16, తల్లికి 3, ఆయనకు 5 వచ్చాయి.