చల్లని మెదడు: ఆలస్యం అనే సాకు

తలగాయానికి చలువ వైద్యం కథను పరిశోధకులు తరచూ ఒకే తీరుగా చెబుతారు. ఎలుకల్లో పనిచేసింది, మనుషుల్లో ఆలస్యమై ఓడింది, ఇక గాయం దగ్గరే సూదితో ఎక్కించే హైడ్రోజెల్ దాన్ని గట్టెక్కిస్తుంది అని. ఇందులో నడిమి మాట నాకు మింగుడుపడదు.

తొలి రోజుల సంగతి తెలిసిందే. 1938లో ఫిలడెల్ఫియాలో టెంపుల్ ఫే క్యాన్సర్ రోగుల ఒళ్లు చల్లబరిచాడు. తర్వాత తలగాయాలకూ అదే ప్రయత్నించాడు. చల్లని ద్రవం తిరిగే లోహపు గుళికలను మెదడులో అమర్చి చూసినవాడూ ఆయనే. అంటే గాయమున్న చోటే చల్లబరచాలన్న ఊహ జెల్‌తో పుట్టింది కాదు. 1987లో మయామీ బృందం రక్తం అందని ఎలుకల మెదడులో కొద్ది డిగ్రీల తేడాతోనే కణాలు దక్కుతాయని చూపడంతో ఆశ మళ్లీ చిగురించింది.

అసలు చిక్కు 1997లో మొదలైంది. పిట్స్‌బర్గ్‌లో మేరియన్ బృందం 82 మంది మీద చేసిన పరీక్షలో, మరీ లోతైన కోమాలో లేనివారికి కొంత మేలు కనిపించింది. 2001లో క్లిఫ్టన్ బృందం పలు ఆసుపత్రుల్లో 392 మందిని పరీక్షిస్తే ఏ మేలూ తేలలేదు. ఆలస్యమే కారణమన్నారు. కానీ 33 డిగ్రీలకు చేరడానికి గాయం నుంచి సగటున క్లిఫ్టన్ రోగులకు 8 గంటల పైచిలుకు పడితే, మేరియన్ రోగులకు 10 గంటలు పట్టింది. ఆలస్యమే దోషమైతే మేరియన్ ముందే ఓడాలి కదా! 2018 నాటి పోలార్ పరీక్షలో 511 మందిని చేర్చుకుని, దాదాపు సగం మందిని చల్లబరిచారు; వారిలో సగానికి పైగా రోగులకు గాయమైన రెండు గంటల్లోపే అది మొదలైంది. అయినా కోలుకున్నవారు చల్లబరిచినవారిలో 48.8 శాతం, మిగతావారిలో 49.1 శాతం. అనుకున్న చల్లదనానికి చేరని రోగులూ అందులో ఉన్నారు కాబట్టి దాన్నీ తుది తీర్పు అనలేను. 2015 నాటి యూరోథర్మ్ పరీక్ష మరీ ఇబ్బంది పెట్టేది. పుర్రెలో ఒత్తిడి అదుపులోకి వచ్చింది, రోగులు మాత్రం మామూలు చికిత్స పొందినవారికన్నా తక్కువగా కోలుకున్నారు.

నా అనుమానం ఒళ్లంతా చల్లబరచడం మీద. ఒళ్లంతా చల్లబడితే రక్తపోటు పడిపోతుంది, రక్తం సరిగా గడ్డకట్టదు, న్యుమోనియా పొంచి ఉంటుంది. గాయం దగ్గరే చల్లబరిచే జెల్‌కు బలమైన సమర్థన ఇదే, వేగం కాదు.

అయితే లెక్క చూడాలి. ఒక గ్రాము మెదడుకు నిమిషానికి దాదాపు అర మిల్లీలీటరు వెచ్చని రక్తం వస్తుంది. పది గ్రాముల మెదడును నాలుగు డిగ్రీలు చల్లగా నిలపాలంటే గంటకు సుమారు 1200 కేలరీల వేడిని లాగేయాలి. జెల్ చల్లబరచడానికి అందులో యూరియా చేర్చామనుకుందాం; నీటిలో కరుగుతూ అది గ్రాముకు పీల్చే వేడి 60 కేలరీలే, అంటే గంటకు 20 గ్రాములు. గాయపడ్డ చోట రక్తప్రవాహం సగానికి తగ్గినా పది. వాచిన మెదడుకు, కదలని పుర్రెలో, ఆ బరువు ఎక్కడ పడుతుంది? రెండు గ్రాముల ఎలుక మెదడులో కొన్ని నిమిషాల చల్లదనం చూపి దీన్ని దాటవేయలేం. వేడిని నిరంతరం బయటికి తోడే ఏర్పాటు లేని జెల్‌ను మందు మోసే వాహకంగా ఒప్పుకుంటాను, శీతలయంత్రంగా కాదు.