యూకతాను నూతులు

నది లేని దేశములో నగరములు వెలయగలవా? చరిత్ర పాఠములు చదివిన విద్యార్థి వెంటనే వెలయవనే చెబుతాడు. నైలు నది లేక ఈజిప్టు లేదు, సింధునది లేక మొహంజొదారో లేదు, కృష్ణానది లేక మన అమరావతి లేదు. కాని మెక్సికో దేశపు ఆగ్నేయమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన యూకతాను ద్వీపకల్పమును చూడండి. దాని ఉత్తర భాగమంతా వెదకినా నేలమీద చెప్పుకోదగిన ఏరు ఒక్కటి కనబడదు. అయినా అక్కడ మాయా జాతివారు అనేక శతాబ్దములపాటు నగరములు కట్టుకొని, గ్రహగతులు గుణించి, శూన్యమునకు ఒక గుర్తును కూడ ఏర్పరచుకొని వర్ధిల్లినారు. వారికి నీరు నేల క్రింద నుండి వచ్చినది. నేల కుంగి నోరు తెరచినచోట బయటపడే మంచినీటి గుండములే వారి నదులు. మాయా భాషలో వాటిని ‘త్సొనోత్’ అంటారు. స్పెయిను దేశస్థుల నోట ఆ మాట ‘సెనోతే’ అయినది.

ఈనాడు ఆ గుండములలో ఈదడానికి, కండ్లకు అద్దపు తొడుగు, నోటికి స్నార్కెల్ అనే శ్వాసగొట్టము తగిలించుకొని నీటి అడుగును చూడడానికి అనేక దేశముల నుండి యాత్రికులు పోతున్నారు. ఏ గుండమునకు పోవలెను, అక్కడ ఎట్లు మెలగవలెను అన్న ప్రశ్నలకు సమాధానములు ఆ గుండముల చరిత్రలోనే ఉన్నవి. కనుక ముందుగా అవి ఎట్లు పుట్టినవో తెలుసుకొందాము.

యూకతాను నేల అంతా సున్నపురాయి. వానచినుకు గాలిలోను, మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని బలహీనమైన ఆమ్లమవుతుంది. ఆ నీరు రాతి పగుళ్ళలోనికి ఇంకి, లక్షల సంవత్సరములలో రాతిని కొద్దికొద్దిగా కరగించి సొరంగములు చేస్తుంది. మన బెలుం గుహలు, బొర్రా గుహలు ఏర్పడినది కూడ ఈ రసాయన క్రియవల్లనే. సొరంగము పెద్దదై పైకప్పు బరువు మోయలేక కూలినప్పుడు గుండము ఏర్పడుతుంది.

ఇక్కడ ఒక సందేహము రావచ్చును. ఈ గుహలలో నీటి అడుగున కూడ పైనుండి వ్రేలాడే రాతి ఊడలు ఉన్నవి. అవి నీటి చుక్కలు గాలిలో కారుతూ ఉంటేనే పెరుగుతవి. మరి నీటిలో ఎట్లు పెరిగినవి? సుమారు 20,000 సంవత్సరముల క్రితము, మంచుయుగము ముమ్మరముగా ఉన్నప్పుడు సముద్రమట్టము ఇప్పటికంటె దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. అట్టి మంచుయుగములలో ఈ గుహలు పొడిగా ఉండేవి. మంచు కరిగి సముద్రము పొంగినకొలది భూగర్భజలము కూడ పైకి లేచి గుహలను నింపినది. పొడిగా ఉన్న ఆ కాలములో గుహలలో తిరిగిన మనుష్యుల గుర్తులు కూడ దొరికినవి. తులూము పట్టణమునకు సమీపాన ‘ఓయో నేగ్రో’ అనే నీటి గుహను 2007లో ఈతగాండ్రు కనుగొన్నారు. అందులో పదిహేను పదహారేండ్ల బాలిక అస్థిపంజరము బయటపడినది. అది 12,000 సంవత్సరములకు పైబడినదని 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు.

ఈ గుండముల పటములో మరొక వింత ఉన్నది. ద్వీపకల్పపు వాయవ్య భాగములో అనేక గుండములు ఒక పెద్ద అర్ధవలయముగా తీరి ఉన్నవి. 1978లో చమురు కోసము జరిగిన అన్వేషణలో పెన్‌ఫీల్డ్ అనే భూభౌతిక శాస్త్రజ్ఞుడు అక్కడ భూగర్భములో వలయాకారమైన నిర్మాణము ఉన్నట్లు గుర్తించినాడు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రితము ఆకాశము నుండి ఒక శిలాగోళము వచ్చిపడగా ఏర్పడిన బిలమది. దాని వ్యాసము సుమారు 180 కిలోమీటర్లు. డైనోసారుల వంశము అంతరించినది ఆ ఉత్పాతముతోనే. తరువాత సున్నపురాయి దానిని కప్పివేసినది. కాని బిలపు అంచు వెంబడి రాయి బలహీనమై నీరు ఎక్కువగా ప్రవహించినందున అక్కడ గుండములు వరుసతీరినవి. ఉపగ్రహచిత్రములలో ఈ వలయమును చూచిన పోప్, ఒకాంపో, డల్లర్ అనే ముగ్గురు దానికీ బిలమునకూ గల సంబంధమును 1991లో ప్రకటించినారు.

ఇక మనుష్యుల చరిత్రకు వద్దాము. మాయా నగరములలో ప్రసిద్ధి చెందిన ‘చిచెన్ ఇత్సా’ పేరునకు ‘ఇత్సాల బావి ముంగిట’ అని అర్థము. ఆ నగరములో రెండు ముఖ్యమైన గుండములు ఉన్నవి. ఒకటి త్రాగునీటికి, రెండవది పూజకు. పూజాగుండము సుమారు 60 మీటర్ల వెడల్పు గల నుయ్యి. దాని గోడలు నిట్టనిలువుగా ఇరవై మీటర్లకు పైగా దిగి నీటిని తాకుతవి. కరవు వచ్చినప్పుడు మాయా ప్రజలు అందులో విలువైన వస్తువులను, మనుష్యులను కూడ బలిగా వేసేవారని స్పెయిను మతాధికారి దియేగో ద లాందా 1566 ప్రాంతమున వ్రాసినాడు. 1562లో మాయావారి గ్రంథములను తగులబెట్టించినవాడు కూడ ఇతడే. వారి గ్రంథములను నాశనము చేసినవాని వ్రాతయే వారిని గురించి మనకు ముఖ్యమైన ఆధారము కావడము చరిత్రలోని విషాదము.

లాందా మాట నిజమేనా అని పరీక్షింపబూనినవాడు అమెరికా రాయబారోద్యోగి ఎడ్వర్డ్ థాంప్సన్. చిచెన్ భూములు కొనుక్కొని, 1904లో యంత్రముతో గుండపు బురదను తోడనారంభించినాడు. పచ్చరాతి పూసలు, బంగారు బిళ్ళలు, ధూపపు ముద్దలు, ఎముకలు పైకి వచ్చినవి. కొంత బంగారము పనామా, కొలంబియా ప్రాంతముల నుండి వచ్చినదని తేలినందున ఆ కాలపు వర్తకము ఎంత దూరము సాగినదో తెలిసినది. కాని వస్తువులు చాలవరకు మెక్సికోలో నిలువక అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మ్యూజియమునకు చేరినవి. 1926లో మెక్సికో ప్రభుత్వము థాంప్సన్ భూములను స్వాధీనపరచుకొన్నది. తరువాతి కాలములో మ్యూజియము కొంత సొత్తును తిరిగి ఇచ్చినది. 1960–61లోను, 1967–68లోను మెక్సికో పురావస్తు సంస్థ ఆధ్వర్యమున మరి రెండు అన్వేషణలు జరిగినవి. కన్యలను మాత్రమే బలి ఇచ్చేవారన్న కథ ప్రచారములో ఉన్నది గాని, దొరికిన ఎముకలలో పురుషులవి, స్త్రీలవి, ముఖ్యముగా పిల్లలవి ఉన్నవి. కథకంటె ఎముక నమ్మదగిన సాక్షి.

ఈ చరిత్ర తెలిసినవాడు చిచెన్ పూజాగుండములో ఈదవచ్చునా అని అడుగడు. అది సమాధిస్థలము, అక్కడ ఈత నిషిద్ధము. ఈదదలచినవారికి దానికి కొద్ది దూరములోనే ‘ఇక్ కిల్’ అనే గుండము ఉన్నది. నేలమట్టము నుండి సుమారు 26 మీటర్లు మెట్లు దిగితే నీరు. వయ్యదొలీదు పట్టణము నడుమ ‘సాసీ’, తులూము సమీపాన ‘దోస్ ఓహోస్’ అనేవి కూడ ఈతకు పేరుపొందినవే. నవంబరు నుండి ఏప్రిలు వరకు వానలు తక్కువగా ఉండి ప్రయాణమునకు అనుకూలము. లోతైన భూగర్భజలము ఆ ప్రాంతపు సాలుసరి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండడము సహజము గనుక నీరు ఏడాది పొడుగునా సుమారు 25 డిగ్రీలు ఉంటుంది. అది శరీరపు వేడికంటె తక్కువ. కాబట్టి చాలాసేపు ఉంటే వణకు పుట్టక మానదు. మంచినీరు ఉప్పునీటికంటె పలుచన కాబట్టి సముద్రములో తేలినంత సులువుగా అక్కడ తేలలేము. ఈత వచ్చినవారు కూడ తేలుడు చొక్కా తొడుగుకొనడము మంచిది. శ్వాసగొట్టముతో పోయేవారు తలపైన ఆకాశము కనబడేచోటనే ఉండవలెను. రాతికప్పు క్రిందికి పోతే పైకి లేవడానికి దారి ఉండదు. తగిన శిక్షణ లేక అట్టి గుహలలోనికి పోయి ప్రాణములు పోగొట్టుకొన్నవారు ఉన్నారు.

నీటిలో దిగకముందు స్నానము చేయుమని, ఒంటికి ఎండ లేపనములు పూయరాదని చాలా గుండములవద్ద నియమము ఉన్నది. దీనిని చాదస్తమనుకోరాదు. 2018లో సాక్ ఆక్తున్, దోస్ ఓహోస్ అనే రెండు నీటి గుహలు ఒకటేనని ఈతగాండ్రు కనుగొన్నారు. రెండూ కలిపి అప్పటికి కొలిచిన పొడవు 347 కిలోమీటర్లు. అనగా ఒక గుండములో కలిసిన మాలిన్యము మరొక ఊరి బావిలో తేలవచ్చును. యూకతాను ప్రజలు త్రాగేది ఈ భూగర్భజలమే. ఇసుకనేలలో ఇంకిన నీటిని ఇసుక కొంత వడకడుతుంది. సున్నపురాతి బొరియలు ఏమీ వడకట్టవు.

ఇది ఊహ కాదని హోమూన్ అనే మాయా గ్రామము చెబుతున్నది. అనేక గుండములు గల ఆ ఊరిలో వేలకొలది పందులను పెంచే పెద్ద సంస్థ ఒకటి వెలసినది. తమ నీరు చెడిపోతుందని గ్రామపు పిల్లల తరఫున దావా వేయగా, 2018లో న్యాయస్థానము దాని పనిని నిలుపుదల చేసినది. పూర్వము కరవును తప్పించుకొనడానికి పెద్దలు పిల్లలను గుండమునకు బలి ఇచ్చినారు. ఇప్పుడు గుండమును కాపాడడానికి పిల్లల పేర్లే న్యాయస్థానమునకు ఎక్కినవి.

కాబట్టి ఆ గుండములకు పోయేవారు తాము ఒక ఊరి మంచినీళ్ళ బావిలో దిగుతున్నామని జ్ఞాపకము ఉంచుకొనవలెను. మన ఊళ్ళలో చెప్పులు విడిచి బావిగట్టు ఎక్కే మర్యాద ఉండేది. యూకతానుకు పోయేవారు మూటలో ముందుగా సర్దుకొనవలసినది ఆ మర్యాదనే.