లంబసింగి బాట: విహారం వెనుక చరిత్ర

డిసెంబరు నెలలో పండుగ సెలవు శని, ఆదివారాలతో కలిసివస్తే చాలు, హైదరాబాదు పడమటి అంచునున్న ఖాజాగూడ నుంచి కుటుంబాలు కార్లలో బయలుదేరుతాయి. రాత్రంతా ప్రయాణించి, నర్సీపట్నం దాటి, ఘాట్ రోడ్డెక్కి, తెల్లవారే వేళకు లంబసింగి చేరుకుంటాయి. పిల్లలు మంచుపొగలో పరుగులు తీస్తారు. పెద్దలు కాఫీ తోటల మధ్య ఫోటోలు తీసుకుంటారు. మూడో రోజున అదే దారిన తిరిగివస్తారు. ఈ యాత్రలను గురించి పత్రికలలో వ్యాసాలు తరచుగా వెలువడుతున్నాయి. దాదాపు అన్నింటిలోనూ మంచు ఉంది, లోయ ఉంది, కాఫీ ఉంది. మనుషులు లేరు. ఉన్నా బొంగు చికెన్ అమ్మేవారుగానో, థింసా ఆడేవారుగానో మాత్రమే ఉన్నారు. సాహిత్యకారులుగా మనం ఆలోచించవలసింది ఈ లోపాన్ని గురించే.

విహారాన్ని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సెలవు విలాసం కాదు, శ్రామికవర్గం పోరాడి గెలుచుకున్న హక్కు. 1936 మే, జూన్ నెలలలో ఫ్రాన్సు కార్మికులు ఫ్యాక్టరీలను ఆక్రమించి సమ్మె చేశారు. ఆ ఒత్తిడి ఫలితంగానే పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం ప్రతి కార్మికునికీ ఏడాదికి రెండు వారాల వేతన సెలవును చట్టం చేసింది. మంత్రి లియో లాగ్రాంజ్ చొరవతో రైలు టిక్కెట్ల ధర తగ్గించారు. కొండనూ సముద్రాన్నీ జీవితంలో మొదటిసారి చూసిన కుటుంబాలు ఆ వేసవిలో ఎన్నో ఉన్నాయి. మన దేశంలో ఫ్యాక్టరీ కార్మికునికి ఇరవై పనిదినాలకు ఒక రోజు చొప్పున వేతన సెలవు కల్పించింది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. ఆ హక్కు ఇంకా చేరనివారు లెక్కకు మించి ఉన్నారు. ఖాజాగూడ కుటుంబాన్ని లంబసింగికి తీసుకువెళ్లి, వాళ్లు బసలో నిద్రిస్తుండగా కారులోనే కునుకు తీసే డ్రైవరుకు ఆ మూడు రోజులూ సెలవు కాదు, పని.

ఫ్రాన్సు ప్రసక్తి వచ్చింది కనుక అక్కడి ఒక కొండప్రాంతాన్ని చూద్దాం. దక్షిణ ఫ్రాన్సులోని సేవెన్ పర్వతాలు నేడు వేసవి సెలవులు గడిపే కుటుంబాలకు ఇష్టమైన చోటు. చెస్ట్‌నట్ అడవులు, రాతి ఇళ్లు, గొర్రెల మందలు కనిపిస్తాయి. 1970లో అది జాతీయ పార్కు అయింది. 2011లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కేవలం అడవి అందం కోసం చేర్చలేదు. పశువుల కాపరులూ రైతులూ శతాబ్దాల శ్రమతో తీర్చిన నేల అని గుర్తించి చేర్చింది.

ఆ కొండలలోనే 1702లో ప్రొటెస్టెంటు రైతులు, ఉన్ని దువ్వే చేతిపనివారు పద్నాలుగో లూయీ రాజుపై తిరగబడ్డారు. వారిని కమిసార్లు అన్నారు. 1703లో రాజసైన్యం వందలాది పల్లెలను తగలబెట్టింది. 1878 శరత్కాలంలో స్కాట్లండు రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఒక గాడిదను తోలుకుంటూ పన్నెండు రోజులు ఆ కొండలలో నడిచాడు. 1879లో అచ్చయిన ఆయన పుస్తకంలో గాడిదతో పడ్డ అవస్థలు ఎంత హాస్యంగా ఉన్నాయో, కమిసార్ల స్మృతి అంత గంభీరంగా ఉంది. నూట డెబ్బై ఐదేళ్ల కిందటి తిరుగుబాటును తలుచుకోకుండా ఆయన ఆ లోయలను దాటలేకపోయాడు. నేటికీ ఆయన పేరు పెట్టుకున్న బాటన నడిచే కుటుంబాలు ఆ చరిత్రను వెంట తీసుకునే నడుస్తున్నాయి.

ఆ పుస్తకం వెలువడిన 1879లోనే, మార్చి నెలలో, మన మన్యంలో రంప పితూరీ మొదలైంది. ఇంటి అవసరానికి జీలుగు కల్లు గీసుకునే గిరిజనుని మీద పన్ను మోపడం, మునసబుదారు వసూళ్లు, పోలీసుల దౌర్జన్యం దానికి కారణాలు. 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చింది. తరువాతి దశాబ్దాలలో పోడు కొట్టడం, వంటచెరుకు తెచ్చుకోవడం, పశువులను మేపుకోవడం నేరాలుగా మారాయి. తాతల నాటి అడవిలో మనిషి దొంగ అయ్యాడు.

ఇక మన యాత్రికులు కారులో ఎక్కే ఘాట్ రోడ్డు సంగతి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించే పనిని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సాగించాడు. కూలీలు కొండవాళ్లే. ఇచ్చిన కూలి అరకొర, పని చేయించిన తీరు వెట్టి. బాస్టియన్ చేతిలో నష్టపోయిన గాం గంటందొర, మల్లుదొర సోదరులు అల్లూరి సీతారామరాజు పక్కన నిలిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషను మీద దాడి జరిగింది. మరి రెండు రోజులలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు కూడా పితూరీదార్ల వశమయ్యాయి. అంటే, ఆ పోరాటాన్ని రగిల్చిన మంటలలో ఈ రోడ్డు కూడా ఒకటి. అడవి కలపను దించడానికీ, పోలీసును ఎక్కించడానికీ పాలకులకు అది అవసరమైంది. వేసినవాడికి మిగిలింది వీపు నొప్పి మాత్రమే.

1924 మే 7న కొయ్యూరు వద్ద రాజును కాల్చిచంపారు. గంటందొర కూడా ఆ పోరాటంలోనే నేలకొరిగాడు. అండమాన్ శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 2022లో ఏర్పడిన జిల్లాకు అల్లూరి పేరు పెట్టారు. పేరు మిగిలింది, మంచిదే. కాని రోడ్డు వేసిన కూలీల పేర్లు ఏ మైలురాయి మీదా లేవు.

పేర్ల మాటకు వస్తే, లంబసింగికి కొర్రబయలు అనే మరో పేరుంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి చలికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ మాటకు అర్థం చెబుతారు. చలిని ఒంటితో అనుభవించినవాడు పెట్టిన పేరది. మన యాత్రావ్యాసాలు దానిని వదిలి ‘ఆంధ్రా కాశ్మీరు’ అన్నాయి. ఒకటి కప్పుకోను దుప్పటి లేనివాడి మాట, మరొకటి స్వెట్టరు వేసుకుని వచ్చినవాడి మాట. ఏ మాటను ఎంచుకుంటామన్నది కేవలం శైలికి సంబంధించిన విషయం కాదు.

ఈ ప్రశ్న గతానికి పరిమితమైనది కూడా కాదు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1970 నాటి ఒకటవ నంబరు రెగ్యులేషన్ అడ్డుపడుతోంది. బొర్రా ప్రాంతంలోని గనుల లీజులపై సాగిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఆ రక్షణను మరింత బలపరిచింది. ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతరుని కిందికే వస్తుందని తేల్చింది. కనుక విహారం కోసం బసలు లేస్తున్న చోట ఆ బస ఎవరిది, అందులో వంట ఎవరిది, లాభం ఎవరిది అని అడగడం అతిథి మర్యాదకు భంగం కాదు. ఫ్రాన్సు పల్లెల్లో రైతు తన పాత ఇంటినే బాగుచేసుకుని సెలవుల కుటుంబాలకు అద్దెకిచ్చే పద్ధతి 1950ల నుంచి విస్తరించింది. మన కొండమీద గిరిజన కుటుంబం కూలిగా కాక, ఇంటి యజమానిగా అతిథిని ఆహ్వానించగల పరిస్థితి రావాలి.

యాత్రను సమాజ చరిత్రగా రాయడం మనకు కొత్త కాదు. 1830-31లో కాశీకి వెళ్లివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య దారినీ, నీటినీ, ధరలనూ, శ్రీశైలంలో యాత్రికులపై వసూలు చేసే పన్నులనూ నమోదు చేశాడు. ఆ పరిశీలన ఇప్పటి యాత్రావ్యాసంలో కొరవడింది. ఖాజాగూడకే చరిత్ర లేదా? గుట్ట మీద దర్గా, గుడి ఉన్న పల్లె అది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాతి ఏళ్లలో ఆ పరిసరాల పొలాలు మేడలయ్యాయి. తన గుమ్మం ముందున్న నేల ఎవరి చేతుల నుంచి ఎవరి చేతులకు మారిందో ఆలోచించినవాడు, లంబసింగి మలుపులో కారు ఆపినప్పుడు ఆ దారి ఎవరు వేశారని కూడా అడుగుతాడు. పక్కనున్న పిల్లవాడికి ఆ జవాబు చెప్పగల వ్యాసాన్ని, కథను మన రచయితలు రాయాలి.