ఇల్లు చేరు పడవ: కృష్ణాతీరపు పుట్టి

భీమానదిని తనలో కలుపుకొని తెలంగాణ సీమను ప్రవేశించు కృష్ణ, అమరచింతకు దక్షిణమున ప్రవహించు తావున, బెజవాడ యొద్ద మనము చూచు నిండు నదివలె నుండదు. రాతినేలపై పాయలు పాయలుగా చీలి, నడుమ నడుమ గడ్డలను మిగిల్చి, వర్షాకాలమున గండశిలలను ముంచి సుడులు తిరుగుచు, వేసవిలో అవే శిలల మధ్య మడుగులై నిలిచిపోవు నీ నదిపై, లోతైన నీటిని గోరు ఓడకు గాని, దుంగను తొలిచిన బరువైన దోనెకు గాని మనుగడ లేదు. ఇట్టి నదికి తగిన వాహన మెట్టిదై యుండవలెనో తీరవాసులు శతాబ్దములకు పూర్వమే నిర్ణయించుకొనిరి. వెదురుతో అల్లి, తోలు తొడిగి, గుండ్రముగా తీర్చిన ఆ పడవయే పుట్టి. దానిని మోటుపని యని చులకన చేయువారు గలరు. కాని నది స్వభావమును, కాలిబాట దూరమును, పేదవాని బలమును, ఈ మూటిని తూచి చేసిన నిర్మాణ మది యని దాని చరిత్రయే చాటుచున్నది.

నిజాము ప్రభువులకు కప్పము గట్టుచు సంస్థానాధీశులు ఈ ప్రాంతమును పాలించిన కాలమున, కృష్ణకు ఉత్తరపుటొడ్డున ఆత్మకూరు రాజధానిగా అమరచింత సంస్థానమును, దానికి తూర్పున వనపర్తి సంస్థానమును, దక్షిణమున కృష్ణా తుంగభద్రల నడిమి నడిగడ్డలో గద్వాల సంస్థానమును వెలసియుండెను. ఇరుతీరముల నేతపని ప్రసిద్ధము. సంతలకును, జాతరలకును, చుట్టరికములకును ఏరు అడ్డము గాలేదు. బొంబాయి, మద్రాసు రైలుమార్గములు 1871 లో రాయచూరున కలిసికొనుటచే ఎగువన కృష్ణపై రైలు వంతెన ఏర్పడినను, ఆత్మకూరునుండి గద్వాలకు సూటిగా పోగోరువానికి రేవున పుట్టి యెక్కుటయే గతి.

పుట్టి కట్టువాడు ముందుగా ముదురు వెదురును నిలువున చీల్చి, పొడవైన బద్దలను నేలపై అడ్డముగను నిలువుగను పరచి, కలియుచోట్ల ఒకటి పైకిని, ఒకటి క్రిందికిని పోవునట్లు అల్లును. అల్లిక నడుమ బరువైన రాళ్లుంచి, అడుగుభాగము చదునుగా నిలుచునట్లు చేసి, వెలుపలికి మిగిలిన కొనలను మెల్లగా పైకి వంచి, అంచుచుట్టును లావైన వెదురుకట్టతో బిగించును. మేకు లేదు, దూలము లేదు, ముందు వెనుకల భేదము లేదు. బండకు తగిలిన చెక్కపడవ పగులును. ఈ యల్లిక వంగి, జారి, మరల తన రూపమును పొందును. పూర్వము దీనిపై పశువుల తోళ్లను కలిపికుట్టి తొడుగువారు. వెదురుపని మేదరులది, తోలు పదునుచేయుట మాదిగలది, తెడ్డు బెస్తలది. ముగ్గురి విద్యయు కూడిననే గాని పుట్టి నీట దిగదు. అమరచింత సంస్థానము నేలిన ముక్కెర వంశపువారి ఆదరమున వెలుగొందిన కురుమూర్తిస్వామి జాతరలో, వడ్డెమాన్ గ్రామపు చర్మకారులు నియమముతో కుట్టిన ఉద్దాలను, అనగా తోలు పాదుకలను, ఊరేగించి స్వామికి సమర్పించు ఆచారము నేటికిని కలదు. ఈ సీమలో తోలుపనికి గల గౌరవస్థానము దీనివలన గ్రహింపవచ్చును.

పరదేశీయుల వ్రాతలు ఈ పడవ ప్రాచీనతకు సాక్ష్యమిచ్చుచున్నవి. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్, తుంగభద్రపై బుట్టలవలె గుండ్రని పడవలను చూచి, లోపల బెత్తపు అల్లికయు, వెలుపల తోలును గల ఆ పడవలు పదునైదిరువదిమందిని మోయుననియు, తిన్నగా పోలేక తిరుగుచునే సాగుననియు, ఈ రాజ్యపు ఏరులపై ఇవి తప్ప వేరు పడవలు లేవనియు వ్రాసెను. పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమున సంచరించిన ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే సైతము ఎద్దుతోళ్లు తొడిగిన బుట్టపడవలను వర్ణించెను. 1803 లో మరాఠాలపై దండెత్తిన ఆర్థర్ వెల్లెస్లీ, అనంతరకాలమున వెల్లింగ్టన్ ప్రభువుగా ఖ్యాతికెక్కినవాడు, దక్కను నదులను సేనలచే దాటించుటకు ఇట్టి పడవలనే కట్టించెను. దేశీయుల నదీవిద్యను తెల్లదొరల సైన్యము అరువు తెచ్చుకొనెనన్నమాట.

పేయిస్ కంటబడిన ఆ తిరుగుడు దోషము కాదు, రూపమునకు చెల్లించిన మూల్యము. అంచున మోకాళ్లపై కూర్చున్న సరంగు తెడ్డును తన ముందు నీట ముంచి తనవైపునకు లాగుకొనును. తెడ్డు పట్టు సడలినచో పుట్టి బొంగరమగును. ప్రవాహమున కెదురీదుట దీనికి దుస్సాధ్యము. కావున ఆవలియొడ్డున దిగువకు చేరిన పిదప, చిన్న పుట్టియైనచో దానిని బోర్లించి తలపై నెత్తుకొని, గట్టువెంట ఎగువకు నడచి, మరల నీట వేయుదురు. నీటిపై పుట్టి మనిషిని మోయును, నేలపై మనిషి పుట్టిని మోయును. దాని తేలికదనమునకు కారణ మిదియే. ఎదురీదలేని పడవతో ఇల్లు చేరు ఉపాయము ప్రాచీనులకును తెలియును. బాబిలోను పట్టణమునకు వచ్చు గుండ్రని తోలుపడవలవారు సరుకులమ్మిన పిమ్మట కొయ్యచట్రమును సైతము అమ్మివేసి, తోళ్లను గాడిదలపై వేసికొని స్వదేశమునకు మరలుదురని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు తెలిపియున్నాడు.

పడవను నేలపై ఎట్లు కొనిపోవుదుమను ఈ చింతన ఆధునికులకును తప్పలేదు. 1960 ప్రాంతమున ఇంగ్లండున వైట్ ద్వీపమునందు స్టాన్లీ స్మిత్ రూపొందించిన వెస్ట్ వైట్ పాటర్ అను చిన్న తెరచాప పడవ, కారు వెనుక బండిపై కట్టి యెచటికైనను కొనిపోదగినది. అడుగున నుండు లోహపు పలకను పైకి లాగుకొను ఏర్పాటుచే లోతులేని నీటను సాగును. చిన్న గదియుండుటచే రాత్రి అందే పండుకొనవచ్చును. విహారార్థ మొకటి, జీవనార్థ మొకటి. కాని రేవున పడియుండక యజమానితో నిల్లు చేరు పడవ కావలెనను సూత్రము రెంటికిని సమానమే.

ఇక మన కృష్ణకు మరలినచో, దానిపై 1981 లో శంకుస్థాపన జరిగిన జూరాల ఆనకట్ట వెనుక నీరు నిలిచిన పిదప నది రూపము మారెను. 1045 అడుగుల పూర్తి మట్టమునకు నిండిన జలాశయమున పాత శిలలును రేవులును మునిగెను. ఆనకట్టపై బాట ఏర్పడుటచే ఏరుదాటింపు జీవనము సన్నగిల్లెను. పుట్టి మాత్రము నశింపలేదు, చేపలవేటకు మరలెను. తోలు స్థానమున తారుపూసిన ప్లాస్టిక్ సంచిపట్టాయు, తరువాత ఫైబరుగ్లాసును వచ్చెను. గద్వాల మండలమున నదీమధ్యమందున్న గుర్రంగడ్డ గ్రామస్థులకును, పంచదేవపహాడ్ నుండి శ్రీపాద శ్రీవల్లభుల కురువపురమునకు బోవు భక్తులకును మరపడవలు వచ్చుటకు ముందు దిక్కు పుట్టియే.

ఫైబరు పుట్టి మన్నికగలది, తారు పని తప్పించునది. బెస్తలు దానిని కోరుట న్యాయమే. కాని అల్లిక నెరిగిన చేతులు తరిగిపోవుచున్నవి. సంస్థానముల కోటలను, కవిపోషణను గూర్చి గ్రంథములు వెలసినవి. ఆ సంస్థానముల ప్రజలను ఏరు దాటించిన పడవ కొలతలను వ్రాసియుంచువారు అరుదు. ఈ తీరపు జిల్లాల కళాశాలల విద్యార్థులు రేవులకు పోయి, వృద్ధులైన పనివారి నడిగి, ఒక వెదురు పుట్టిని మొదటి బద్దనుండి చివరి కట్టువరకు కట్టించి, ఆ క్రమమును లిఖించి, ఆ పుట్టిని గద్వాలలోనో ఆత్మకూరులోనో ప్రజలు చూచునట్లు భద్రపరుతురు గాక. ఈ పని ఆ పనివారు జీవించియుండగనే జరుగవలెను.